గడప లేని వాకిలి

మొన్న వినుకొండ నుంచి మిరపకాయల వ్యాపారం చేసే ఒకాయన మా కొట్టుకు వచ్చాడు. వాళ్ల అమ్మకు ఒక పక్క పడిపోయిందట. "శెట్టిగారూ, మీకోసం ఇంట్లో గోడ కొట్టించారంటగందా. ఎంత వెడల్పు పెట్టించారు, కింద ఏం పరిపించారు, పట్టుకోను ఏం కట్టారు, అన్నీ చెప్పండి. మేము గూడా అట్టాగే చేయిస్తాం" అన్నాడు. చెప్పాను. లేచి నడిచి చూపించాను కూడా. ఆయన నా నడక చూసి సంతోషపడి, రైలుకు వేళయిందని వెళ్లిపోయాడు.

ఆయన అడిగినవన్నీ కొలతలు. అడగనివి చాలా ఉన్నాయి. వాటిని ఎదురుగా కూర్చున్న మనిషికి, అందులోనూ బేరానికి వచ్చిన మనిషికి చెప్పడం నాకు చేతకాలేదు. నాకు పడిపోయింది ఎడమ పక్క. కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. అందుకని రాస్తున్నాను. చదివినవాళ్లకు ధైర్యం వస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

*పార్థివ, ఆషాఢం*

మాది గురజాల. ముందు పచారీ కొట్టు, దాని వెనకే ఇల్లు. ఆ ఆషాఢానికి యుద్ధం ఇంకా ముగియలేదు. ఒకరోజు పొద్దున కొట్టు తెరిచి కాటా తుడుస్తుంటే చేతిలో గుడ్డ జారిపోయింది. తీసుకుందామని వంగితే ఎడమచెయ్యి నా మాట వినలేదు. ఆ వెంటనే కాలు. చూసుకునేసరికి బస్తాల పక్కన పడి ఉన్నాను. ఉప్పుకొచ్చిన ఒక ముసలమ్మ నా ముఖంలోకి చూసి, "ఏందయ్యా శెట్టీ, మూతి అట్టా పెట్టావు" అంటున్నది. నేను తనను వెక్కిరిస్తున్నాననుకుంది పాపం. ఊళ్లో నా నోటికి ఉన్న పేరు అలాంటిది.

మా అబ్బాయి వెంకటేశం, నా భార్య రత్తమ్మ కలిసి నన్ను జంపఖానాలో చుట్టి గుంటూరు రైలెక్కించారు. యుద్ధం రోజుల రైలు. నిలబడటానికే చోటు లేదు. పెట్టెలో నేలమీద, జనం కాళ్ల మధ్య పడుకుని పోయాను. నోట్లోంచి చొంగ కారుతుంటే రత్తమ్మ కొంగుతో తుడుస్తూ కూర్చుంది. నాకు అంతా తెలుస్తూనే ఉంది. తెలియకపోతే బాగుండేది.

ఆసుపత్రి వరండాలో చాలాసేపు కూర్చున్నాం. నా ఎడమచెయ్యి బల్ల మీద నుంచి జారి వేలాడుతుంటే, అది నాదేనని కూడా నాకు తోచడం లేదు. రెంటచింతల వైపు నుంచి తండ్రిని తెచ్చుకున్న కిరస్తానీ ఆవిడ ఒకరు మా పక్కనే కూర్చుంది. ఆమె తన బట్టల మూట తెచ్చి ఆ చేతి కింద పెట్టింది. "అట్టా యాలాడితే బుజం గుంజుద్ది తాతా. మా నాయనకు అట్టాగే అయింది" అంది. తర్వాత ముంతతో నీళ్లిచ్చింది. ఊరు దాటితే ఎవరి చేతి నీళ్లూ తాగని మనిషిని నేను. ఆ రోజు తాగాను. రత్తమ్మ చూసి తల తిప్పుకుంది గాని వద్దనలేదు.

డాక్టరు చెప్పింది కొంచెం. తలలో రక్తం ఎక్కడో ఆగిందన్నాడు, నడిపించమన్నాడు. వచ్చే ముందు కట్లు కట్టే నర్సమ్మ నా కాలు అటూ ఇటూ వంచి చూసి, "మీ ఇంట్లో గడపలు ఎన్ని తాతా?" అని అడిగింది. నాకు మండిపోయింది. కాలు చూపించుకోవడానికి వస్తే గడపల లెక్క ఏమిటి? నా మూతి వంకరలో ఆ కోపం ఆమెకు తెలిసినట్టు లేదు. రత్తమ్మే చెప్పింది. ఆ నర్సమ్మ తల ఊపి, "అయితే కష్టమే అమ్మా" అంది. చావు తప్పి కన్ను లొట్టబోయిన మనిషిని తీసుకుని మావాళ్లు ఇంటికి వచ్చారు.

*అదే ఏడు, భాద్రపదం*

నా మంచం నడిమింట్లో. దొడ్లోకి పోవాలంటే నడిమింటికీ వంటింటికీ మధ్య ఒక గడప, వంటింటికీ వెనక పంచకూ మధ్య ఇంకొకటి, పంచ దిగేచోట నిలువుగా ఒక మెట్టు. మా తాత కట్టించిన ఇల్లు. ఆయన టేకు గడపలు మోకాలికి కాస్త తక్కువ ఎత్తున పెట్టించాడు. పాములూ తేళ్లూ రావని, లక్ష్మి బయటికి పోదని. అరవై ఏళ్లుగా రోజుకు ఎన్నిసార్లు దాటానో. గడప ఒకటుందని ఏనాడూ అనుకోలేదు.

ఇప్పుడు మంచం మీద పడుకుని వాటినే చూస్తూ ఉండేవాణ్ని. ఎడమకాలు నేలమీద ఈడ్చడానికి వస్తుంది గాని పైకి లేవదు. అందుకని దొడ్లోకి పోవాలంటే వెంకటేశం వచ్చి ఎత్తుకునేవాడు. వాడు కొట్లో బేరం వదిలి రావాలి. వచ్చేవాడు. ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. కోడలు వంటింట్లో ఉంటే మేం వస్తున్నామని తెలిసి గోడవైపు తిరిగి నిలబడేది. ఆ పిల్లదేం తప్పు లేదు. మామగారిని కాటా మీదికి బస్తాలా ఎత్తుకుపోతుంటే ఎక్కడ చూస్తుంది?

నీళ్లు తాగడం తగ్గించాను. తర్వాత అన్నం తగ్గించాను. వాణ్ని పిలవాల్సిన పని లేకుండా రోజు గడిస్తే అదే పండగ. రత్తమ్మ కనిపెట్టి తిట్టింది. "తినకపోతే సస్తారు, తింటే మోస్తారు. ఏది నయమో మీరే చెప్పండి" అంది. చెప్పి ఉంటే మొదటిదే చెప్పేవాణ్ని.

ఒకరోజు వెంకటేశం నా మంచం పట్టె మీద కూర్చుని మాట మొదలుపెట్టాడు. "నాయనా, స్టేషను రోడ్డులో మన గిడ్డంగి ఉందిగందా. నేల సమానంగా ఉంటది. గడప లేదు, మెట్టు లేదు. ముందు భాగం ఖాళీ చేయించి సున్నం కొట్టిస్తా. ఒక మనిషిని పెడతా. నీకు సుకంగా ఉంటది."

"మీ అమ్మో?"

"అమ్మ పగలొచ్చి పోతా ఉంటది."

వాడు చెడ్డవాడు కాదు. నిజంగానే నా సుఖం కోరి అన్నాడు, అందులో తన సుఖం కూడా కొంత ఉండొచ్చు. కాని మిరప బస్తాల మధ్య, ఘాటుకు దగ్గుతూ, జీతానికి పెట్టిన మనిషి చేతిలో పోవడం నాకు కళ్లకు కట్టింది. ఒకసారి ఈ ఇంట్లోంచి మంచంతో బయటికి పోతే మళ్లీ లోపలికి తీసుకురారు. ఆ రోజు చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. పక్షవాతం వచ్చినవాళ్లకు ఏడుపు ఊరికే వస్తుందట. అందుకని ఎవరూ పట్టించుకోలేదు.

పోనీ గడపలు కోయిద్దామని వడ్రంగిని పిలిపించాను. రంపం సంచీ కింద పెట్టాడో లేదో, రత్తమ్మ వచ్చి వంటింటి గడప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కాపురానికి వచ్చిన్నాడు వంటింట్లోకి కుడికాలు పెట్టి దాటింది ఈ గడపే. ప్రతి సుక్కురారం నా చేత్తో పసుపు రాశా. దీన్ని కోస్తే ఇంట్లో ఏం మిగులుద్ది?" అంది. వడ్రంగి సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. వాడికీ గడప కోయడం ఇష్టం లేదు.

ఆ సాయంత్రం రత్తమ్మే వచ్చి నా పక్కన నిలబడి, మంచం వెనక గోడను అరచేత్తో తట్టింది. "గడపలు కొయ్యనియ్యను. ఈ గోడ కొట్టించండి. అవతల సందే గందా. సందులోంచి దొడ్లోకి ఎత్తూ పల్లం లేదు" అంది.

ఆ గోడకు అవతల సందు ఉందన్న సంగతి ముప్ఫై ఏళ్లుగా నేనే మరిచిపోయాను. ఆ పూట కడుపునిండా తిన్నాను.

*దసరా వెళ్లాక*

రాతిపని యల్లయ్య గునపం తెచ్చి పొద్దున్నే గోడ మొదలుపెట్టాడు. దుమ్ము కొట్లోకి పోయి సరుకు పాడవుతుందని వెంకటేశం కొట్టు తలుపులు మూసి, సరుకు కోసం మాచర్ల వెళ్లాడు. నేను పంచలో చాప మీద కూర్చుని చూస్తున్నాను. రాయి ఊడిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఇక్కడ వినుకొండ ఆయనకు తెలిసిన సంగతే అయినా మళ్లీ చెప్పాలి. మా వైపు చెడ్డ నక్షత్రంలో పోయినవాణ్ని వాకిట్లోంచి తీసుకుపోరు. గోడకు కన్నం పెట్టి ఆ దారిన తీస్తారు. తర్వాత ఇల్లు మూసిపెట్టి నెలల తరబడి వేరేచోట ఉంటారు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలుసు, రత్తమ్మకు తెలుసు, యల్లయ్యకు తెలుసు. అయినా ఆ పొద్దున మాలో ఒక్కరికీ తట్టలేదు. మేం దొడ్లోకి దారి గురించే ఆలోచిస్తున్నాం.

బజారుకు కనిపించింది వేరు. మంచాన పడ్డ మనిషి, మూసిన కొట్టు, కొడుతున్న గోడ. ఎవరో పంచాంగం కూడా చూశారట. ఆ రోజు ధనిష్ఠ, చావుకు చెడ్డ నక్షత్రం.

ముందు పక్కింటి సుబ్బమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని దొడ్డిదారిన వచ్చింది. పంచలో కూర్చున్న నన్ను చూసి గుమ్మం పట్టుకుని కూలబడింది. ఆమెకు నీళ్లిచ్చి లేపేలోగా కొట్టు ముందు అరుగు మీద మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. రత్తమ్మ వెళ్లి, "మా ఆయన బాగానే ఉన్నాడు, దొడ్లోకి పోను దారి చేయిస్తున్నాం" అని చెప్పింది. వాళ్లు లేచారు గాని వెంటనే వెళ్లలేదు. నిజమో కాదో చూసి పోదామన్నట్టు నిలబడ్డారు. చివరికి యల్లయ్యా రత్తమ్మా చెరో పక్క పట్టుకుని నన్ను కొట్టు గుమ్మం దాకా ఎత్తుకుపోయి చూపించారు. అందరూ నన్ను చూసి, ఇంత దానికేనా అన్నట్టు వెళ్లిపోయారు.

కబురు అంతటితో ఆగలేదు. మర్నాడు మా చెల్లెలు వెల్దుర్తి నుంచి బండి కట్టించుకుని వచ్చింది. వీధి మొదట్లోనే శోకాలు వినిపించాయి. నేను ఆమెకు చేసిన మంచి అంతా వరసగా చెప్పి ఏడుస్తున్నది. అందులో కొంత నాకే జ్ఞాపకం లేదు. "వదిన చేతిలో దిక్కు లేకుండా పోయావా అన్నయ్యా" అని కూడా అంది. నేను లోపలినుంచి, "పోలేదు లేవే, లోపలికి రా" అని కేకేశాను.

వచ్చి నన్ను చూసి, బాగున్న భుజం మీద రెండు దెబ్బలు వేసి, నా ఒళ్లో తల పెట్టుకుని మళ్లీ ఏడ్చింది. తర్వాత బావి దగ్గర తలస్నానం చేసింది, చావుకు వచ్చిన మనిషి కదా. "చావు కబురు అబద్దమైతే ఆయుస్సు పెరుగుద్దన్నయ్యా" అని నవ్వబోయింది. నా భయం కూడా అదేనని అన్నాను. రత్తమ్మ మాత్రం వదిన చేతిలో అన్న ఆ మాట వింది. అన్నం పెట్టింది, నూనె రాసి తల దువ్వింది, మాట మాత్రం మాట్లాడలేదు. ఇవ్వాళ్టికీ ఆ ఇద్దరి మధ్య ఆ మాట అలాగే ఉంది.

*కార్తీకం*

మనిషి బతికే ఉన్నాడని ఊరంతటికీ తెలిసింది. అయినా గోడకు కన్నం పడ్డమాట నిజమే కదా. ఉప్పూ చింతపండూ కొనేవాళ్లు కొన్నారు. పసుపూ కుంకుమా, పెళ్లి సామానూ మా కొట్లో కొనడం మానేశారు. వెంకటేశం సిద్ధాంతి గారిని పిలిపించాడు. ఆయన పంచాంగం తిప్పి, శవం పోవాల్సిన దారి తెరిచిపెట్టుకుంటే అది శవాన్ని అడుగుతుందని చెప్పి దక్షిణ తీసుకున్నాడు. నా వైపు చూడకుండానే చెప్పాడు.

"మూసేద్దాం నాయనా" అన్నాడు వెంకటేశం. "నేను కొట్టు నడపాలా వద్దా? రేపు గిడ్డంగి బాగు చేయిస్తా."

రత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమె గొంతు పెంచడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆ రోజు కూడా పెంచలేదు. "ముయ్యి. ముందు నన్ను దాంట్లో కూర్చోబెట్టి ముయ్యి" అంది.

శాంతి చేయించారు. వడ్రంగి ద్వారబంధం తెచ్చాడు, పైనా రెండు పక్కలా మాత్రమే. కింద గడప పెడితే నా కాలు ఎక్కదు కనుక పెట్టలేదు. సందులో నాపరాళ్లు పరిపించి జారకుండా ఉలితో గరుకు చేయించాం. బావి దాకా పట్టుకోను నడుమెత్తున వెదురు కట్టించాం. ఇవే నేను వినుకొండ ఆయనకు చెప్పిన కొలతలు.

మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ వెదురు వెంట కాలీడ్చుకుంటూ దొడ్లోకి పోయిన రోజు, పని అయిపోయాక కూడా ఎండలో చాలాసేపు నిలబడ్డాను. నా ఇంట్లో నేనున్నాను. గిడ్డంగి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అనారోగ్యం తెచ్చిన కష్టం అంతటితో తీరిందనుకున్నాను.

మెల్లగా గమనించాను. ఆ దారిన నేను తప్ప ఎవరూ నడవరు. బావికి అదే దగ్గర దారి. అయినా కోడలు నిండు బిందెతో మెట్టెక్కి, రెండు గడపలు దాటుకుని నడిమింట్లోకి వస్తుంది. నేను దాన్ని వాకిలి అంటాను. ఇంట్లోవాళ్లు కన్నం అంటారు. "కన్నం తలుపు వేశారా?" అని అడుగుతారు, చీకటి పడితే. మనవరాలు ఒకసారి ఆడుతూ అందులోకి ఒక కాలు పెడితే వాళ్లమ్మ రెక్క పట్టుకుని లాగి, ఆ కాలు కడిగింది. నా కళ్లముందే కడిగింది. అందులో కోపం లేదు, భయమే. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అంటారు. ఇన్నాళ్లూ ఆ మాట ఇతరుల్ని అన్నాను.

*సర్వజిత్తు, అధిక శ్రావణం*

రత్తమ్మకు మోకాళ్లు వాచాయి. నిరుడు, వ్యయ సంవత్సరంలో మొదలైన నొప్పి ఈ ఏడు వానలకు బాగా ముదిరింది. నా స్నానానికి పొయ్యిమీద నీళ్లు కాచి, ఆ బిందె చంకన పెట్టుకుని, గడప దాటి, మెట్టు దిగి, నేను కూర్చున్న బావి దగ్గరికి తెస్తుంది. కోడల్ని తేనివ్వదు. వద్దంటే వినదు.

"ఏమే, నడిమింట్లో ఎవరికన్నా బిందె అందించి, గడప దాటాక మళ్లీ తీసుకుని నా వాకిట్లోంచి రారాదా? సమానంగా ఉంటుంది" అని అడిగాను.

"నడిమింట్లోకి రాను మాత్రం గడప లేదా?" అంది. అది సాకు. ఒక్క గడపకూ, గడపతో పాటు మెట్టుకూ తేడా లేదా? నేను వదలలేదు. అడగ్గా అడగ్గా చెప్పింది. "పసుపూ కుంకుమా ఉన్నదాన్ని. ఆ దారిన నేను నడిచానంటే మీకేమన్నా అయితే? మీరు నడవండి, మీకోసమే పెట్టించా. నన్ను మాత్రం అడగబాకండి."

ఆ దారి కోసం గోడలో కూర్చుంటానన్న మనిషి. దాని మీద ఆమెకున్న నమ్మకం ఇది. ఈ రెండేళ్లూ నేను ఆ వాకిట్లోంచి పోయిన ప్రతిసారీ నా వెనక ఆమె ఏమనుకుంటూ నిలబడిందో అప్పటిదాకా నాకు తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు శుక్రవారం. ఊరంతా జెండా చూడటానికి పోయింది. మావాళ్లూ పిల్లల్ని తీసుకుని పోయారు. ఇంట్లో మేమిద్దరమే. రత్తమ్మ పొద్దున్నే గడపలన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. నేను బావి దగ్గర కూర్చున్నాను. ఆమె బిందె తీసుకుని వంటింటి గడప దాకా వచ్చి ఆగింది.

ఎంతసేపటికీ రాలేదు. లేచి వెదురు పట్టుకుని పంచ మెట్టు దాకా పోయాను. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కుడి మోకాలు ఎత్తబోతుంది, సగంలో దించుతుంది. ఎడమది ఎత్తబోతుంది, అదీ అంతే.

"బిందె కింద పెట్టవే" అన్నాను. పెట్టింది. అయినా దాటలేకపోయింది. వెనక్కి తిరిగితే నడిమింటి గడప. నేను ఇవతల మెట్టు ఎక్కలేను. నా వాకిట్లోంచి చుట్టి నడిమింట్లోకి పోయినా, అక్కడా అదే గడప మా మధ్య ఉంటుంది.

"గడప మీద కాలు పెట్టి దిగు. ఎవరూ చూడటం లేదు" అన్నాను.

"సుక్కురారం పూట, పసుపు ఆరని గడప తొక్కమంటారా?" అంది. విసుగు లేకుండా, మామూలుగానే అంది.

అలాగే ఉన్నాం. దూరాన తప్పెట్లు మోగుతున్నాయి. బిందెలో నీళ్ల ఆవిరి తగ్గిపోయింది. నాకు ఎంత దిగులేసిందంటే, కొట్లో పడిపోయిన రోజు కూడా అంత వేయలేదు. ఆ రోజు నన్ను ఎత్తడానికి ఒకరున్నారు. చివరికి జెండా చూసి వచ్చిన వెంకటేశం ఆమెను రెండు చేతులతో ఎత్తి గడప దాటించాడు. ఆమె కళ్లు మూసుకుంది.

సాయంత్రం వాడే అన్నాడు, గడపలు కోయిద్దామని. అబ్బాయి, నేను, కోడలు, ముగ్గురమూ ఒకే మాట మీద ఉండటం ఆ ఇంట్లో అదే మొదలు. రత్తమ్మ మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ తల ఎత్తకుండా విన్నది.

"నేనున్నన్నాళ్లు వద్దు. నేను పోయినాక కోయించుకోండి, మీకు సులువుగా ఉంటది" అంది.